ధనలక్ష్మి చెంబు

ప్రొద్దుటూరులో మా బడిలో మూడో తరగతికి ఇంగ్లీషు చెప్పేది అనసూయ టీచర్. జమ్మలమడుగు ఆడపడుచు. ఇరవై రెండేళ్ళుగా అదే తరగతి, అదే కుర్చీ. పక్క గదిలో లెక్కలు చెప్పేది నేను. మధ్య గోడ పైకప్పు దాకా పోలేదు కాబట్టి ఆమె పాఠం నా పిల్లలకు, నా ఎక్కాలు ఆమె పిల్లలకు ఉచితం.

ఆమె భర్త వేదవ్యాస గారు కర్మకాండలు చేయించే పురోహితులు. మనిషి పోయిన ఇంట్లో పన్నెండు రోజులు ఆయన లేనిదే పూట గడవదు. పదమూడో రోజు ఆయన ఎదురొస్తే అదే మనుషులు పక్క సందులోకి తిరుగుతారు. మన జనం బుద్ధే అంత. నేను ఈ మాట ఎత్తితే అనసూయ టీచర్ నవ్వి ఊరుకునేది.

ఏది ఎవరిదో చెప్పే అపాస్ట్రఫీ పాఠం వచ్చిందంటే ఆమె పుస్తకం మూసేసేది. తెలుగులో అక్క రిబ్బను అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో అక్క పక్కన ఒక గుర్తు, ఒక ఎస్ పెట్టాలి. పిల్లలేమో కనబడిన ప్రతి ఎస్‌కూ దిష్టిచుక్కలా ఆ గుర్తు పెట్టేస్తారు. అందుకని ఇంటి నుంచి తలా ఒక వస్తువు తెప్పించి, దాన్ని చేత్తో ముట్టుకుని ఎవరిదో చెప్పాకే రాయమనేది. ముట్టుకున్నది మరిచిపోరని ఆమె నమ్మకం.

మొన్న జూలైలో అక్రమ్ వాళ్ళ నాన్న కొలతల టేపు తెచ్చాడు. సాకేత్ వాళ్ళక్క రిబ్బను తెచ్చాడు. అనసూయ టీచర్ తన వంతుగా ఒక స్టీలు చెంబు బల్ల మీద పెట్టి, టీచర్ చెంబు అని ఇంగ్లీషులో రాయమంది. అందరూ రాశారు. భావన రాయలేదు. ఆ పిల్ల తండ్రి శరత్ చంద్రకు బట్టల కొట్టు ఉంది. తల్లి ఏప్రిల్‌లో జబ్బుచేసి పోయింది.

"ఏందే, రాయవేం?"

"అది మీది కాదు టీచర్."

"నాది కాకుంటే ఎవరిది?" గొంతు పెరిగింది.

"మా అమ్మది. అడుగున పేరుండాది చూడండి."

తిప్పి చూస్తే చుక్కల అక్షరాల్లో ధనలక్ష్మి అని ఉంది. నా గదిలో ఏడో ఎక్కం ఆగిపోయింది.

పన్నెండో రోజు దానంగా వచ్చిన గిన్నెలు, చెంబులే అనసూయ టీచర్ ఇంట్లో వాడుకుంటారు. వాటి మీది పేర్లు చదివితే ముద్ద దిగదని పెళ్ళైన ఏడాదే ఆమె చదవడం మానేసిందట. మధ్యాహ్నం భావనను పిలిచి చెంబు చేతికివ్వబోయింది. "తీసుకో తల్లీ, తప్పు నాది."

ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకొద్దు టీచర్. అమ్మకు పంపించండి. ఆడ నీళ్ళు తాగేదానికి కావాలని సామి చెప్తే మా నాయన ఇచ్చినాడు. ఇది ఈడుంటే అమ్మ దేంట్లో తాగుతాంటాది?"

అనసూయ టీచర్ చెంబును తన బల్ల సొరుగులో పెట్టేసింది. నాకు వేదవ్యాస గారి మీద ఒళ్ళు మండింది.

మరునాటి నుంచి భావన బడిలో నీళ్ళు ముట్టలేదు. తెచ్చిన సీసా నిండుగానే ఇంటికి పోయేది. మా ఎండలు జూలైలోనూ మనిషిని వదలవు. మూడో రోజు ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయింది. ఎత్తుకుని నీడకు తెచ్చి నీళ్ళు పట్టబోతే పెదవులు బిగించుకుంది. "అమ్మ తాగకుండా నేనెట్ల తాగేది?"

అనసూయ టీచర్ అక్కడికక్కడే భర్తకు ఫోన్ చేసింది. ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. "చెప్పింది మీరు కదా. ఈ బిడ్డకు మీరే వచ్చి చెప్పల్ల."

పావుగంటలో ఆయన వచ్చారు. పిల్లలుండే చోటని గేటు దాటలేదు. కుళాయి గేటు పక్కనే ఉంది. భావనను అక్కడికి నడిపించుకుపోయాను. ఆయన ఆ పిల్ల ఎదుట మట్టిలోనే కూర్చున్నారు.

"నేను మీ నాయనకు సగమే చెప్పినానమ్మా. చెంబు యాడికీ పోదు. తలుచుకొని పోసిన నీళ్ళే మీ అమ్మకు పోతాయి. నువ్వు పోయి."

"ఆడపిల్లలు పోయకూడదంట కదా సామీ?"

ఆయన తలెత్తి భార్యను చూశారు. శాస్త్రం తప్పితే కూడు పుట్టని మనిషి. అనసూయ టీచర్ ఆయననే చూస్తూ నిలబడింది.

"నేను చెప్తాండా కదా, పోయి."

"మంత్రం రాదు."

"అమ్మా అను. శానా పెద్ద మంత్రం."

అనసూయ టీచర్ సొరుగులోంచి తెచ్చిన ఆ చెంబును ఆయనే నింపి ఇచ్చారు. భావన గోడ మొదట్లో సన్నటి ధారగా పోసింది, ఒక్క బొట్టు పక్కకు పోకుండా. నేల పీల్చుకునే దాకా వంగి చూసింది. తర్వాత తలెత్తి, "తాగిందా?" అంది.

వందల ఇళ్ళలో మంత్రాలు చదివిన మనిషి ఆ తడి మట్టిని వేలితో ముట్టుకుని చూశారు. తల ఊపారు.

భావన చెంబును మళ్ళీ కుళాయి కింద పెట్టింది. నిండాక రెండు చేతులతో ఎత్తి, గటగటా తాగింది.