ముప్పై ఆరున్నర చెల్లదట

మనిషి మొహం మరిచినా భుజం కొలత మరవదని ఆవిణ్ణి వీధిలో అందరూ కొలతలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ముందుగదిలో మిషను తొక్కుతోంది. చదువు ఐదో తరగతిలోనే ఆగింది గానీ, చీటీ మీద ఆవిడ రాసే అంకెలు ముత్యాల్లా ఉంటాయి.

పక్కవీధి ఆసుపత్రి నర్సులకి చొక్కాలు కుట్టే పని ఈమధ్యే వచ్చింది. ఒకరా ఇద్దరా, పద్దెనిమిది మంది. ఇంత పెద్ద పని ఆ గది ఎన్నడూ చూడలేదు. కాకపోతే కొలతలన్నీ సాయంత్రం నాలుగింటిలోగా ఫోన్‌లో, టైలర్ల యాప్‌లో ఎక్కించాలి. లేదంటే పని రెడీమేడ్ వాళ్లకి పోతుందని పెద్ద నర్సు ముందే చెప్పేసింది.

ఆరుగురివి చకచకా ఎక్కాయి. ఏడో చీటీ దగ్గర ఎర్రక్షరాలు వచ్చాయి: 'చెల్లని విలువ'.

"చెల్లదట అత్తయ్యా. ఇన్నేళ్లకి నా కొలత చెల్లదట."

కిటికీ దగ్గర గుండీలు ఏరుతున్న అత్తగారు తలెత్తలేదు. "మొహం మీద చెప్పింది, నయం. మీ మావయ్యైతే మూడు రోజులు మూతి ముడుచుకునేవాడు. ఎందుకో చచ్చినా చెప్పేవాడు కాదు."

చీటీలో ఉన్నది ఉన్నట్టే మళ్లీ కొట్టింది, మళ్లీ అదే. ఇంకో చీటీ తీస్తే ఎక్కింది. ఆ తర్వాతది ఎక్కనంది. కొలతలక్క గడియారం చూసేసరికి మూడయింది. నావల్ల కాదని పెద్ద నర్సుకి చెప్పేద్దామని ఫోన్‌లో ఆవిడ నంబరు దాకా వెళ్లి ఆగిపోయింది.

బేరానికొచ్చినవాళ్లు అద్దం ముందు నిలబడి "ఏదో తేడాగా ఉందక్కా" అంటారే గానీ, ఎక్కడో చెప్పరు. వాళ్లతో ఆవిడ వాదించదు. చెయ్యెత్తమంటుంది, వంగమంటుంది. పట్టేసిన చోటు దానంతటదే బయటపడుతుంది. ఇదీ అలాంటి బేరమేలే అనుకుని, చీటీలు మంచం మీద పేర్చింది. ఎక్కినవి ఇటు, ఎక్కనివి అటు.

ఎక్కని ఏడింటిలోనూ ఎక్కడో ఒకచోట 36న్నర, 34న్నర, 41న్నర అని ఉంది.

"అత్తయ్యా, దీనికి అరలు పడట్లేదు."

"అర్ధమంటే అర్థం కానిదానికి కొలతలెందుకే?"

"మరి మీ కళ్లద్దాల డాక్టరు ఒకటిన్నర అని ఎలా రాశాడు?"

"కళ్లద్దాలు లేకుండా నాకేం కనిపించింది కనక. అలమారలో ఉంది, చూసుకో."

డాక్టరు చీటీలో ఒకటి, చుక్క, ఐదు ఉన్నాయి. కొలతలక్క 36.5 అని కొట్టింది. పిల్లిలా చప్పుడు చెయ్యకుండా ఎక్కిపోయింది. వరసగా మిగతావీ ఎక్కాయి. ఆఖరి చీటీ దగ్గర మాత్రం కొత్త మాట వచ్చింది: 'విలువ పరిమితి దాటింది'.

ఈసారి ఆవిడ కంగారుపడలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, కొట్టిన అంకె చూసుకుని పకపకా నవ్వింది. చుక్క మర్చిపోయింది.

"ఈ నర్సమ్మ ఛాతీ మూడొందల అరవై ఐదు అంగుళాలట అత్తయ్యా."

"రోజుకో అంగుళం కుట్టు. ఏడాదికల్లా అయిపోతుంది."

నాలుగింటికి పది నిమిషాలుందనగా పద్దెనిమిదీ పూర్తయ్యాయి. కాసేపటికే పెద్ద నర్సు ఫోన్ చేసింది. "అందాయక్కా. గుడ్డ పంపిస్తున్నా. తాను చుట్ట పెద్దది, తలుపు రెండు రెక్కలూ తీసిపెట్టు."

ఎడమ రెక్క తీసి ఎన్నేళ్లయిందో. గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కొలతలక్క దాని మీద మిషను నూనె నాలుగు చుక్కలు వేసి, కొంగు బిగించి, రెండు చేతులా లాగింది.