షాబాద్ బండల మీద బంతి

మా తమ్ముడు బాలనర్సింహ పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది నాటికి టెన్నిస్ క్లబ్బులో ముప్పై రెండేళ్లు పనిచేశాడు. అన్నేళ్లలో అక్కడ ఒక్కసారి కూడా కుర్చీలో కూర్చోలేదు. అతని ఉద్యోగం పేరు మార్కర్. మెంబర్లకు జోడీ దొరకని పొద్దున అవతల నిలబడి ఆడాలి. వాళ్ల పిల్లలకు బ్యాట్ పట్టుకోవడం నేర్పాలి. మెంబరు గెలిస్తే మెంబరుకు ఆట వచ్చినట్టు, ఓడితే మార్కర్‌కు బంతి వేయడం రానట్టు. ఆ పిల్లల్లో ఒకరిద్దరివి పెద్దయ్యాక పేపర్లో ఫొటోలు పడ్డాయి. వాళ్లకు ఆట నేర్పినవారంటూ ఎవరెవరి పేర్లో వేశారు. మా తమ్ముడి పేరు లేదు. అడగమన్నాను. నవ్వి ఊరుకున్నాడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

మాది గౌలిపుర. నాయన బతికున్న రోజుల్లో మా దొడ్లో నలభై బర్రెలుండేవి. పద్నాలుగేళ్లప్పుడు తమ్ముడు క్లబ్బుకు పాలు మోసేవాడు. ఒకరోజు గోడ బయట పడ్డ బంతిని లోపలికి విసిరితే, ఆ విసురు చూసి ఎవరో సాహెబు లోపలికి పిలిచాడు. లోపలికి పోయినవాడు మళ్లీ పాల క్యాను ముట్టలేదు. నాయన తిట్టాడు, నేనూ తిట్టాను. ఆ మాట దాచను.

నాయన పోయేసరికి బర్రెలు ఎనిమిదే మిగిలాయి. నేను మొగుడు పోయి పుట్టింటికి వచ్చి, వాటిని చూసుకుంటున్నాను. దొడ్డి చాలా మటుకు ఖాళీ. ఒక ఆదివారం తమ్ముడు ఆ ఖాళీ జాగాలో సున్నంతో గీతలు గీసి, క్లబ్బు వాళ్లు పారేసిన వలను నా చేత కుట్టించి మధ్యలో కట్టాడు.

"అక్కా, నేల నువ్వు అలకాలె" అన్నాడు.

"ఇంత జాగ నేనొక్కదాన్నా? పెండ్లి చేసుకుంటె నీ పెండ్లాం అలుకుతది."

"పెండ్లాం నీ లెక్క నున్నగ అలకదక్కా."

నన్ను ఉబ్బేస్తున్నాడని తెలుసు. అయినా ఆ వారం నుంచి తొమ్మిదేళ్లు శనివారం శనివారం, వాన పడ్డ వారాలు తప్ప, ఎర్రమట్టిలో పేడ కలిపి అలికాను. నా అలుకు మీద చీమ నడిచినా జాడ కనిపించేది.

రాహేలు వచ్చింది ఆ నేల మీదికే. వాళ్లు సైదాబాద్‌లో ఉండేవాళ్లు. తండ్రి ఆనందరావుకు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని. తల్లి లేని పిల్లను సైకిల్ వెనక ఎక్కించుకుని పాలకు వచ్చేవాడు. పదకొండేళ్ల పిల్ల ఒకరోజు బ్యాట్ తీసుకుని తమ్ముడు వేసిన బంతిని అతని ముఖం పక్కనుంచి కొట్టింది. వాడు చెంప తడుముకుని, "రేపు గూడ రా బిడ్డా" అన్నాడు. తర్వాతి ఏడాది ఆ పిల్ల మా దొడ్లో పడి రెండు మోకాళ్లూ చీరుకుంది. చూడలేకపోయాను. అప్పటినుంచి వెనక గీత దగ్గర, పిల్ల ఎక్కువగా నిలబడే చోట, అలుకులో వరి ఊక కూడా కలిపి దట్టంగా వేశాను. మంచి పని చేశాననుకున్నాను.

పద్దెనిమిదేళ్లకు రాహేలుకు ఒక సర్కారు కంపెనీలో ఆటల కోటా మీద టైపిస్టు పని దొరికింది, టెంపరరీగా. ఏటా రెండేసి టోర్నమెంట్లు ఆడేది. మూడుసార్లు చివరిదాకా పోయి, మూడుసార్లూ సిమెంటు కోర్టు మీద, అదే కంపెనీకి చెందిన అదే అమ్మాయి చేతిలో ఓడింది. ఆ అమ్మాయికి కోచ్ రామ్‌చందర్ అని కంపెనీ ఆటల ఆఫీసరు. సర్టిఫికెట్ ఉన్న మనిషి.

డెబ్బై ఎనిమిది కార్తీకంలో ఆనందరావు పాలగిన్నె లేకుండా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఏంది ఆనందరావు, గట్ల నిలవడ్డవ్? బర్రెలు నిన్ను గుర్తువట్టయనుకున్నవా?" అన్నాను.

"అక్కా, అన్నతోని ఒక మాట మాట్లాడాలె."

"మాట్లాడు. నేను చెవులు మూసుకుంట."

మూసుకోలేదు. తమ్ముడు అరుగు మీద కూర్చుని రాహేలు బ్యాటుకు తెగిన తీగ బిగిస్తున్నాడు. ఆనందరావు నేల చూస్తూ చెప్పాడు. నెల తర్వాత కంపెనీలో పోటీలు. కంపెనీ ఆడపిల్లలెవరైనా ఆడొచ్చు గానీ, గెలిచినామె ఒకరు, రామ్‌చందర్ ఎంచినామె ఒకరు, ఇద్దరినే టీంలోకి తీసుకుంటారు. టీంలో ఉంటేనే ఉద్యోగం పర్మనెంట్. లేకపోతే డిసెంబరుతో సరి. రాహేలు ఇప్పుడే తన క్యాంపులోకి వస్తే సంగతి తాను చూసుకుంటానని, మార్కర్ దగ్గరే ఉంటానంటే తన పూచీ లేదని రామ్‌చందర్ చెప్పాడట.

"ఇంకేమన్నడు?" అన్నాడు తమ్ముడు.

"వద్దులె అన్నా."

"చెప్పు భాయ్."

"మార్కర్ల తాన నేర్చుకుంటె ఆట మోకాలి దాకనె వస్తది, భుజం దాక రాదు అన్నడు."

తమ్ముడు తీగ ముడి వేసి, పళ్లతో కొస తెంపాడు. "పంపియ్యి. ఆయన చదువుకున్నోడు. పిల్ల నౌకరీకి నేను అడ్డం పడ్తనా?"

"నువ్వు నోరు మూసుకో తమ్మీ. తొమ్మిదేండ్లు నువ్వు మేపినవ్. ఇప్పుడు ఈనే టైముకు పగ్గం ఆయన చేతుల పెడ్తవా?" అన్నాను.

తెల్లవారి రాహేలు వచ్చింది. రోజూ గుడ్డ బూట్లు చేత పట్టుకుని వచ్చేది, ఆ రోజు తొడుక్కునే వచ్చింది.

"ఉస్తాద్, నన్ను పంపియ్యమన్నవంట. నన్నెవరన్న అడిగిన్రా? నేనేమన్న బర్రెనా, ఈ కొట్టంకెళ్లి విప్పి ఆ కొట్టంల కట్టెయ్యనీకి?"

"బిడ్డా, నౌకరీ పోతె?"

"పోతె పోనీ. లాడ్ బజార్‌ల గాజులమ్ముత. మూడుసార్లు ఓడింది నేను. నువ్వు కాదు. బంతి వెయ్యి."

ఆ పిల్ల నా కడుపున పుట్టాల్సింది.

కానీ రోషంతో బంతి తిరిగిపోదు. మోకాలి దాకనే అన్న మాట నాకు పంటి కింద రాయిలా ఉంది. ఆ వారమే రాహేలుకు సిమెంటు కోర్టు మీద ఒక మ్యాచ్ ఉంది. తమ్ముడు పొద్దున సాయంత్రం క్లబ్బులో ఉండాలి కాబట్టి ఆమె టోర్నమెంట్లు ఎన్నడూ చూడలేదు. క్లబ్బు నేల కూడా నీళ్లు చల్లిన ఎర్రమట్టే. నేను పాలు పోయడం ముగించి రెండు బస్సులు మారి పోయాను. కంచె పట్టుకుని నిలబడ్డాను. ఆట నాకేం తెలుసు? గెలుపోటములు ఎలా రాస్తారో ఈనాటికీ తెలియదు. కానీ బంతి ఎగరడం కనపడుతుంది కదా. మా దొడ్లో పిక్క దాకా, మహా అయితే మోకాలి దాకా లేచే బంతి అక్కడ భుజం దాకా లేస్తోంది. రాహేలు ముందుకు వంగి మోకాలి దగ్గర వెతుకుతోంది. బంతి అక్కడ ఉండదు.

ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా వెనక గీత దగ్గర నిలబడి తలమీది నుంచి బంతి వదిలాను. నా ఊక అలుకు మీద అది పిక్క దాకా లేచి, అలసిపోయినట్టు పడుకుంది. కొట్టంలోకి పోయి బర్రెల కింద పరిచిన షాబాద్ బండల మీద అలాగే వదిలాను. బంతి నా నడుము దాటి లేచి, పక్కనున్న చూడి బర్రె పొట్టకు తగిలింది. అది మేత నమలడం ఆపి నావైపు చూసింది. తప్పు ఎవరిదో దానికి కూడా తెలిసిపోయిందనిపించింది.

తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. ఆ సాయంత్రం తమ్ముడికి అన్నం పెడుతూ చెప్పాను. ఊక సంగతి కూడా చెప్పాను.

వాడు ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు. "నేల మెత్తగైందని తెలుసక్కా. బంతి కోసం ఆగుడు నేర్చుకుంటది, మంచిదే అనుకున్న."

"మంచిదే. తొమ్మిదేండ్లు ఆగుడే నేర్చుకున్నది."

"అంటె రామ్‌చందర్ సారు చెప్పింది నిజమే."

"మోకాలి మాట నిజం. మార్కర్ మాట అబద్ధం. అది నా పేడ తప్పు, నీ చదువు తప్పు కాదు. పొద్దున గడ్డపార దియ్యి."

తెల్లవారి ఆనందరావు కూడా సెలవు పెట్టి వచ్చాడు. కొట్టంలోని షాబాద్ బండలు పెకిలించి, నా అలుకు తవ్వేసి, వెనక గీతకు లోపల బంతి పడే మేర నాలుగు వరసలు పరిచాం. సందులు పడితే బంతి ఎటో పోతుందని తమ్ముడు ఒక్కో బండను కూర్చుని, పడుకుని, కన్ను నేలకానించి సరిచూశాడు. బర్రెలు కొట్టంలో బురదలో నిలబడ్డాయి. పాలు తగ్గాయి. రోజూ మా దగ్గర పాలు పోయించుకునే వరమ్మ గిన్నె ఊపుతూ, "ఏందే, పాలు గిట్ల పల్చగొస్తున్నయ్?" అంది. "బర్రెలు టెన్నిస్ నేర్చుకుంటున్నయమ్మా, అలిసిపోతున్నయ్" అన్నాను.

ఇరవై నాలుగు రోజులు. తమ్ముడు క్లబ్బుకు పోయే ముందు, వచ్చిన తర్వాత బండల మీదికే బంతులు వేశాడు. మొదటి వారం రాహేలు భుజం వాచింది. ఒకసారి బండ మీద పడి రెండు మోకాళ్లూ మళ్లీ చీరుకుంది, పన్నెండేళ్లప్పటిలాగే. పసుపు తెచ్చి పెట్టాను. ఈసారి నేల జోలికి పోలేదు.

"పెద్దమ్మా, ఊక వెయ్యవా?" అంది పిల్ల నొప్పిలోనే నవ్వుతూ.

"నీ నోట్ల వేస్త. లే."

పోటీ రోజు తమ్ముడు సెలవు అడిగితే క్లబ్బు సెక్రటరీ, ఆరోజు మెంబర్లు ఎవరితో ఆడాలి అన్నాడట. "వాళ్లల్ల వాళ్లు ఆడుకోమను సారు" అని వచ్చేశాడు. ముప్పై రెండేళ్లలో వాడు ఎదురు చెప్పిన మాట నాకు తెలిసి అదొక్కటే. మేము ముగ్గురం కంచె బయట నిలబడ్డాం. చివరి ఆటలో అవతల అదే అమ్మాయి. లోపల రామ్‌చందర్ కుర్చీలో ఉన్నాడు. మొదటి సెట్టు రాహేలు ఓడింది. ఆనందరావు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. రెండో సెట్టులో ఆ అమ్మాయి ఎప్పటిలాగే భుజానికి ఎగిరే బంతి వేసింది. రాహేలు ఒకడుగు వెనక్కి వేసి, గోడకు పిడక కొట్టినట్టు చాచి కొట్టింది. బంతి గీత మీద పడింది. తర్వాత ప్రతిదీ అలాగే. ఆ సెట్టూ, దాని తర్వాతదీ రాహేలే గెలిచింది. తమ్ముడు చప్పట్లు కొట్టలేదు. కంచె తీగను పట్టుకున్న వేళ్లు మాత్రం వదలలేదు, నేను విడదీయాల్సి వచ్చింది.

తర్వాతి ఆదివారం, తండ్రీ కూతుళ్లు మా ఇంట్లో ఉండగా, రామ్‌చందర్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో టీం కాగితాలు. రాహేలు సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. కాగితంలో కోచ్ అన్న చోట ముందే తన పేరు టైపు చేయించుకుని వచ్చాడు.

రాహేలు చదివి, తిరిగిచ్చింది. "ఈ పేరు కొట్టెయ్యిండ్రి సార్. ఉస్తాద్ పేరు రాయిండ్రి."

"మార్కర్ పేరు రాయనీకి రాదమ్మా. ఆఫీసుల ఒప్పుకోరు."

"గట్లయితె సంతకం పెట్ట."

ఆనందరావు కూతురి వైపు ఒక అడుగు వేశాడు. ఆయన భయం నాకు తెలుసు, ఆ కాగితం కూతురి కడుపు కూడు. అయినా సంతకం పెట్టమనలేదు. తమ్ముడే నోరు తెరిచాడు.

"సారు, మీరు పైబంతి రాదన్నది నిజమే ఉండె. మీరు అనకపోతె మేము చూసుకోకపోదుము."

రామ్‌చందర్ దొడ్లోకి చూశాడు. వల, సున్నం గీతలు, వెనక నాలుగు వరసల బండలు. పోయి ఒక బండను బూటుతో తట్టి చూశాడు. "ఇవి ఎవరు చెప్తె వేసిన్రు?"

"బర్రెలు చెప్పినయ్" అన్నాను.

ఇంట్లో మాకున్నది ఒక్క కుర్చీ. తెచ్చి అరుగు ముందు వేశాను. రామ్‌చందర్ ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని కూర్చోబోయాడు.

"అది మా తమ్మునికి సారు" అన్నాను.

తమ్ముడు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. ఆఫీసరు ముందు కూర్చోవడం వాడి ఒంటికి రాదు.

"కూసో ఉస్తాద్" అంది రాహేలు. "నువ్వు కూసుంటెనే నేను కలం పడ్త."

వాడు వేడి పెనం మీద కూర్చున్నట్టు అంచున కూర్చున్నాడు. పోటీ గెలిచిన పిల్ల లేకుండా టీం పంపలేని రామ్‌చందర్ అందరి ముఖాలూ చూసి, కాగితం పెట్టుకోవడానికి ఇంకేమీ దొరక్క, కుడితి తొట్టి అంచు మీద పరిచి, నిలబడే వంగాడు. టైపు చేసిన పేరు మీద అడ్డగీత గీశాడు.

"పూరా పేరు ఏంది?" అని అడిగాడు.

మా తమ్ముడు కుర్చీలో కొంచెం వెనక్కి జరిగి, ఇంటిపేరుతో సహా చెప్పాడు.