అత్తయ్యగారి కొప్పులో కుంచె

మా పిల్లల చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నాలు అమలాపురంలో ఒక డ్రాయింగు మాస్టారు పెద్దవాళ్ళకి బొమ్మలు నేర్పేవారు. పిల్లల్ని అత్తయ్యగారికి అప్పగించి ముమ్మిడివరంలో బస్సెక్కేదాన్ని. బడిలో లెక్కలు చెప్పే నాకు నలభైకి దగ్గరపడ్డాక పుట్టిన కోరిక అది.

ఆయన నేర్పేది వాష్ పద్ధతి. కాగితం తడిపి, రంగునీళ్ళు ఒక్కసారి పారించి వదిలెయ్యాలి. ఆకాశం, కాలవ, కొబ్బరితోట వాటంతట అవే కలుస్తాయి. ఆరేదాకా ముట్టుకోకూడదు. మన ముసురు రోజుల్లో ఆరడానికి గంట పైనే పట్టేది...

నాకు చేతకానిది అదే. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. తడి మీద మళ్ళీ కుంచె పెట్టేదాన్ని, కాలవ కాస్తా బురదయ్యేది. అలా పదిహేడు కాగితాలు పోయేయి.

"టీచరుగారూ, మీరు బొమ్మ వెయ్యడం లేదండి, పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు" అన్నారు మాస్టారు. అందరూ నవ్వేరు. "వచ్చే వారానికి ముట్టుకోని ఆకాశం ఒక్కటి తెండి. లేదంటే మానెయ్యండి."

"ఆయ్, తెస్తానండి" అన్నాను. మానడం నా వల్ల కాదు.

శనివారం సాయంత్రం మా అరుగు మీద ఆకాశం, దాని కింద కొబ్బరితోట వేసి, కుంచె తీసుకెళ్ళి అత్తయ్యగారి చేతిలో పెట్టేను. "ఆరేదాకా నేనడిగినా ఇవ్వకండి."

ఆవిడ దాన్ని కొప్పులో గుచ్చుకుని, బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చున్నారు.

పది నిమిషాలకి ఆకాశంలో ఓ మూల మరక కనబడింది.

"అత్తయ్యగారూ, ఒక్కసారి ఇవ్వండి."

"ఇవ్వను."

"చిన్న మరకేనండి."

"చిన్నదైతే ఉండనీ. పదిహేనేళ్ళుగా నా వంటకి వంకలు పెడుతున్నావు, నేను ఊరుకోలేదూ?"

చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ మరక నెమ్మదిగా కిందకి జారి, తోట మీదకి దిగుతున్న వానయింది... నేను వెయ్యని వాన.

మర్నాడు మాస్టారు చాలాసేపు చూసి, "ఇంక మానకండి" అన్నారు.

అత్తయ్యగారి నెరిసిన కొప్పులో నీలిరంగు మాత్రం మూడు తలంట్లకి గానీ వదల్లేదు.

ఇప్పుడు ఆదివారాలు నేనే నలుగురికి నేర్పుతున్నాను. వాష్ వెయ్యగానే కుంచెలు లాగేసుకుంటాను, ఎంత బతిమాలినా ఇవ్వను. వాళ్ళు వెంటనే ఫోన్లు తీస్తారు... ఆరుతున్న కాగితాన్ని చూస్తూ కూర్చునే ఓపిక ఎటు పోయిందో.

నేను బొమ్మ వేసుకున్న రోజున నా కుంచె నేనే కొప్పులో గుచ్చుకుంటాను. అడిగితే ఇవ్వననేవారు లేరు కదా... మీకు అలా అడ్డుపడి మేలు చేసినవాళ్ళెవరో రాయండి, చదువుతాను.