లింగవ్వ లేని లెక్క

గా ఏడు సమ్మె మొదలైనంక కోరుట్ల బస్టాండుల కుక్కలు తప్ప ఎవలు లేరు. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. నాడు చేస్తె నాడు తినే బీడీల పని ఒక్కటే నడుస్తున్నది. నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసుడు, బతుకమ్మలు పేర్చి ఆడుడు, గొంతు పోయేదాక "జై తెలంగాణ" అని ఒర్లుడు. ముసలోళ్ల కాడికెల్లి పసిపోరల దాక అందరు రోడ్డు మీదనే. ఒక్క ఫిర్దోసు తప్ప. ఆ పిల్ల బీడీల కార్ఖానా మీది అర్రల కంప్యూటర్ ముంగట కూసొని, ఎంతకూ కలువని కనెక్షన్ తోటి తల బద్దలు కొట్టుకుంటున్నది.

ఫిర్దోసు అంటె ఎవలో కాదు, బీడీలు చేసే అజీజాబీ బిడ్డ. తండ్రి చిన్నప్పుడే పోయిండు. తల్లి నడుము వంచి బీడీలు చేసి జగిత్యాలల ఎంసీఏ సదివిచ్చింది. సదువైనంక పట్నం పోతదనుకున్నరు అందరు. తల్లిని ఒక్కదాన్ని ఇడిచి పోవుడు పాణం ఒప్పక, తల్లి బీడీలు అప్పజెప్పే కార్ఖానాలనే నౌకరికి కుదిరింది. వాడ ఆడోళ్లకు ఎంత సంబురమో ఏమని చెప్పాలె! చాట చంకల పెట్టుకొని కార్ఖానాకు పోయిన ప్రతొక్కలు తలెత్తి మీది కిటికీ దిక్కు సూసుడే. "మన అజీజ బిడ్డ కూసునేది గాడనే" అని కొత్తోళ్లకు ఏలు పెట్టి సూపిచ్చుడే.

బీడీలు చేసే ఒక్కొక్కలకు కంపెనీ పేరు రాసి ఒక కార్డు ఇచ్చింది. ఏ కార్డు మీద ఎన్ని బీడీలు అచ్చినయో, వాటిని లెక్కవెట్టి తీసుకునే మునీం పాషా కిందికెల్లి రోజు లెక్క పంపుతడు. ఫిర్దోసు కంప్యూటర్ల కొడతది. జగిత్యాల, సిరిసిల్ల కార్ఖానాల లెక్కలు సుత గట్లనే ఆడికాడ కొట్టుడు. అన్ని పోయి హైదరాబాదు పెద్దాఫీసుల ఒక డేటాబేసుల పడతయి. రోజువారి పని నడిపే డేటాబేసు ఏరేది. గిది పాతయి కొత్తయి అన్ని ఒక్కకాడ కుప్పేసి, ఎనుకముందు సూసి ఇచారం చేసేటందుకు పెట్టింది. దాని మీదికి సేట్లు కొత్తగ ఒక రిపోర్టు సాఫ్ట్‌వేర్ కొన్నరు. లెక్కలను రంగురంగుల కంబాలోలె నిలవెట్టి సూపిస్తదట. అంత మంచిగనే ఉన్నది గని రెండింటికి మాటల్లేవు. డేటాబేసుకు అన్ని తెలుసు, నోరు లేదు. సాఫ్ట్‌వేర్‌కు మూరెడు నోరున్నది, చెప్పేటందుకు ఏం తెల్వది. గీ రెండింటిని కలిపి, ముందుగాల కోరుట్ల రిపోర్టు తయారు చేసుడు ఫిర్దోసు పని.

అసలు గా పని చేసేటోడు హైదరాబాదు ఇంజినీరు జైపాల్. బస్సులు లేకపాయె, ఎట్లొస్తడు? ఫోన్లనే చెప్తుండు.

"సర్వర్ అడ్రస్ మంచిగ కొట్టినవా?"

"కొట్టిన సార్."

"పోర్టు నంబరు?"

"అదీ కొట్టిన. కనెక్షన్ ఫెయిల్డ్ అనే అంటున్నది సార్."

"పాస్‌వర్డ్ల పెద్దక్షరం మరిచినవేమో సూడమ్మా."

యాడ మరిచింది! మాట్లాడుతుండంగనే కరెంటు పోయేది. బొగ్గుబాయిలు సుత సమ్మెలనే ఉండె, కరెంటు యాడికెల్లి అస్తది? కరెంటు అచ్చినంక మల్ల మొదటికెల్లి. ఇద్దరి నడుమ మాట మార్చి చెప్పే మధ్యవర్తి ప్రోగ్రాం ఒకటుంటది, డ్రైవర్ అంటరు. అది ఏసింది. ఏసినా సాఫ్ట్‌వేర్ కండ్లకు ఆనకపాయె. సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టయింది పని. కడాకరికి పట్టుకున్నది ఫిర్దోసు: సాఫ్ట్‌వేర్ పాత రకంది, డ్రైవర్ కొత్త రకంది. దాని జోడు డ్రైవర్ తెచ్చి ఏసి, మల్ల అన్ని కొట్టి, కండ్లు మూసుకొని నొక్కింది.

కలిసింది! ఒక్కతే అర్రల ఎగిరి గంతేసింది పిల్ల. బయట రోడ్డు మీద డప్పులు కొడుతుంటె అవి తన కోసమే కొడుతున్నట్టనిపిచ్చింది.

జైపాల్‌కు ఫోన్ చేసే ముందుగాల, ఎట్లుంటదో సూద్దామని కోరుట్ల కార్డులన్నిటిని వరుసగ నిలవెట్టింది. వందల కంబాలు. ఎక్కువ శాతం కొంచెం అటిటుగ ఒక్క ఎత్తుల ఉన్నయి. ఆడోటి ఈడోటి తాడిచెట్ల తీరు మీదికి పోయినయి. అన్నిట్లకన్న పొడుగుదాని మీద బాణం పెట్టింది. పేరు పడ్డది: అజీజాబీ.

బాణం పక్కకు జరిపి మల్ల తెచ్చి పెట్టింది. అదే పేరు.

పొద్దు పొడిసినకాడికెల్లి పొద్దుమూకెదాక వంచిన నడుము ఎత్తకుంట చేస్తె ఒక మనిషికి వెయ్యి బీడీలైతయి. అజీజాబీ కార్డు మీద రోజు రెండు వేలు అస్తున్నయి. అజీజాబీకి నాలుగు చేతులున్నయా? లేవు. ఇంకో రెండు చేతులు లింగవ్వయి.

లింగవ్వ పక్కింటామె. కంపెనీ కార్డులు రాసిన్నాడు తల్లికి పాణం బాగలేదని రుద్రంగి పోయింది. తల్లిని కాటికి సాగదోలి తిరిగొచ్చెటాలకు కార్డులు రాసుడు బందైంది. మల్ల రాయనే లేదు. "ఫికర్ చెయ్యకక్కా, నా కార్డు మీద ఎయ్యి" అన్నది అజీజాబీ. గప్పటికెల్లి ఇద్దరు ఒక్క అరుగు మీదనే ఎదురుబదురు కూసొని చేస్తున్నరు. ఇరవయేండ్లాయె. కోరుట్లల గిది ఇంత కాదు. అత్త కార్డు మీద కోడలు, అక్క కార్డు మీద చెల్లె. మునీం పాషాకు తెల్వదా? అంత తెలుసు. ఎవలి నోటికాడి బుక్క గుంజుడెందుకని సూసీ సూడనట్టు ఊకునేటోడు.

ఫిర్దోసుకు తెల్వదా మరి? గా నంబరు రోజు కొట్టింది తన చేతులే. ఒకదాని ఎనుక ఒకటి కొట్టుకుంట పోతుంటె అది అన్నం తిన్నంత మామూలు ముచ్చట. నిలవెట్టి సూసిననాడే దొంగతనం తీరు కనవడ్డది. దొంగతనమంటె నోరు కాలిపోను! అజీజాబీ జరమచ్చి మంచాన పడ్డప్పుడు, కార్డు మీద బీడీలు తగ్గొద్దని రెండు చాటల పని ఒక్కతే చేసింది లింగవ్వ. ఫిర్దోసు కాలేజి సదువుల సగం ఆమె చేతులే.

ఫోన్ మోగింది. "కలిసిందా ఫిర్దోస్?"

"కలువలే సార్" అన్నది. తన గొంతు తనకే కొత్తగ ఇనవడ్డది.

"జల్ది చెయ్యమ్మా. పెద్ద సార్లు పాణం తోడుతున్నరు. మనిషికి వెయ్యికి మించినయన్ని దొంగ కార్డులట. రిపోర్టు రాంగనే బంద్ చేస్తరట."

కరవమంటె కప్పకు కోపం, ఇడవమంటె పాముకు కోపం. కలిపితె అమ్మీ కార్డు పోతది, కార్డు తోటి పీఎఫ్ పోతది, లింగవ్వ బతుకు పోతది. కలుపకుంటె తన నౌకరి పోతది, తన జాగల ఇంకొకలచ్చి కలుపుతరు. నౌకరి ఇడిచిపెట్టినా కథ మారది. ఎటు తిరిగినా గోడనే. "సమ్మె అయిపోంగనే మొదటి బస్సుకు నేనే అస్త, పది నిమిషాల పని" అని ఫోన్ పెట్టేసిండు జైపాల్.

ఇగ ఆనాటికెల్లి ఆ పిల్ల గోస అల్లాకే ఎరుక. జెండా పట్టుకొని వాడ పోరీల తోటి రోడ్డెక్కుతది, అందరికన్న గట్టిగ జై కొడతది. లోపల మాత్రం ఒక్కటే దువా: తెలంగాణ రావాలె గని బస్సు రావద్దు. గిట్ల మొక్కుకునేదాన్ని నేనొక్కదాన్నే ఉంటనేమో అని తనను తానే తిట్టుకునేది. సమ్మె చల్లవడుతున్నదని ఎవలన్న అంటె ఇంకింత గట్టిగ జై కొట్టేది.

తట్టుకోలేక ఒకనాడు మునీం పాషాకు చెప్పింది. పాషా గడ్డం గోక్కున్నడు.

"గింతేనా బేటీ? నాకిడిచిపెట్టు. ఒక్కొక్క కార్డు మీద వెయ్యికి మించి తేవద్దని ఆడోళ్లకు చెప్త. కంబాలు వాటంతట అవే పొట్టిగైతయి. ఇంజినీరు అచ్చెటాలకు అంత సాఫ్."

ఇద్దరికి మంచిగనే అనిపిచ్చింది. పాషా ఒక్కరికి చెప్పిండు, సాయంత్రానికి వాడవాడకు తెలిసింది. తెల్లారి సూడు తమాషా! అందరు వెయ్యే తెచ్చిన్రు. ఎనిమిది వందలు చేసేటోళ్లు సుత, తక్కువైతె ఏం లొల్లో అని, పక్కింటోళ్లయి మిగిలినయి తెచ్చి వెయ్యి నింపిన్రు. కాళ్లు రెక్కలు గుంజుతున్నయని సగం పనే చేసే ముసలోళ్ల కార్డు మీద సుత వెయ్యే. అందరిది ఒక్కటే నంబరు కొట్టుకుంట కొట్టుకుంట ఫిర్దోసు తల పట్టుకున్నది. వద్దంటె ఇప్పుడెవలింటరు? భయం ఒక్కసారి ఊరెక్కినంక దింపుడు ఎవలితోని కాదు.

వాడల కార్డులన్ని నిండినయి, ఇంటికాడ లింగవ్వ బీడీలు నింపుకునే జాగ లేకపాయె. అలవాటు పాణం, కూసుంటది, చేస్తది. చేసినయి గంపల పడి ఉంటయి.

"అక్కా, ఇయ్యాల నావి ఆపి నీయి ఎయ్యనా?" అంటది అజీజాబీ.

"వద్దు చెల్లె. నీకు బిడ్డ పెండ్లున్నది. నాకేమున్నది, ఒక్క కడుపు" అంటది లింగవ్వ. ఇంట్ల కూసొని ఇనే ఫిర్దోసు తింటున్న పల్లెం పక్కకు జరిపేది.

దసరా పోయినంక సమ్మె ఇడిచిన్రు. మొదటి బస్సు హారన్ కొట్టుకుంట రాంగ బస్టాండుల జనం తమాషా సూసినట్టు సూసిన్రు. అండ్లకెల్లి సంచి భుజానేసుకొని జైపాల్ దిగిండు. మంచోడే పాపం. ఫిర్దోసుకు హైదరాబాదుకెల్లి బిస్కెట్ల డబ్బ సుత తెచ్చిండు. కుర్చీల కూసొని నొక్కిండు, ఒక్క నొక్కుడుకు కలిసింది. ఎన్నడో కలిసి ఉన్నది కలువదా?

తిరిగి ఒకసారి ఫిర్దోసు దిక్కు సూసిండు. కంబాలను తారీకుల వారిగ పరిచిండు. పోయినేడు, ఈయేడు, దసరా దాక ఎత్తులు పల్లాలు, మామూలు మనుషుల బతుకు ఎట్లుంటదో గట్ల. గాడికెల్లి కొడవలి పెట్టి కోసినట్టు అన్ని ఒక్కటే ఎత్తు.

అప్పుడు సమజైంది ఫిర్దోసుకు. పాత లెక్కలు యాడికి పోతయి? గా డేటాబేసు ఉన్నదే పాతయి దాసుకునేటందుకు. పాషాకు తెల్వకపోతె తెల్వకపాయె, ఎంసీఏ సదివినదానికి గింత సోయి లేకపాయెనా!

"ఫిర్దోస్, ఎవలో చెప్పిన్రు వీళ్లకు" అన్నడు జైపాల్ మెల్లగ. "గీ పొడుగుది ఎవలిది?"

"మా అమ్మది సార్."

జైపాల్ కంప్యూటర్ బంద్ చేసిండు. "నేను పంపకున్నా పెద్ద సార్లు సూస్తరమ్మా. ఇగ అది నీ చేతుల లేదు, నా చేతుల లేదు."

వారం తిరగక ముందే పెద్దాఫీసుకెల్లి ఒక సారు దిగిండు. పొడుగు కంబాలోళ్లందరిని కార్ఖానాకు పిలిచిన్రు. కంప్యూటర్‌ను కిందికి దింపి, దాని ముంగట ఫిర్దోసును కూసోవెట్టిన్రు. మొదలు పిలిచింది అజీజాబీని.

"రోజుకు రెండు వేలు నువ్వొక్కదానివే చేస్తవా?"

"నేనే చేస్త సాబ్. నా చేతులే."

"అయితె కూసొని చేసి సూపియ్యి."

అజీజాబీ చాట ముంగటేసుకున్నది. ఆకు కత్తిరిచ్చింది, తంబాకు పోసింది. మూడు బీడీలు సుట్టిందో లేదో, ఎనుక గుంపుల నుంచి లింగవ్వ ముందుకచ్చింది.

"ఆమెను ఇడిచిపెట్టున్రి సారు. మీదికున్నయన్ని నాయి. ఆమెకు తెల్వకుంట ఆమె చాటల కలిపిన. తప్పు నాది."

ఎంత అబద్ధమది! ఇరవయేండ్లు ఎదురుబదురు కూసున్నోళ్లల్ల ఒకలకు తెల్వకుంట ఒకలు కలుపుడా? అజీజాబీ నోరు తెరువబోతె లింగవ్వ కండ్లెర్రజేసి ఆపింది. సారు ఫిర్దోసు దిక్కు తిరిగిండు.

"ఈమె మన దగ్గర పనిచేస్తదా? లెక్కల పేరున్నదా సూడు."

ఫిర్దోసు తలెత్తింది. తల్లి సూస్తున్నది. లింగవ్వ సూస్తున్నది, కానియ్యి బిడ్డా అన్నట్టు. పేరు కొట్టింది. లింగవ్వలు మస్తు మంది అచ్చిన్రు, తమ వాడ లింగవ్వ ఒక్కతి రాలే. నిజమే చెప్పాలె, నిజం తప్ప ఏం లేదు ఆడ.

"లేదు సార్."

గా రెండు మాటలు తన నోట్లకెల్లి ఎట్లచ్చినయో! నాలిక కోసుకున్నా బాగుండునని గా పిల్ల ఎన్ని దినాలు ఏడిసిందో.

అజీజాబీ కార్డు మిగిలింది. లింగవ్వ కార్ఖానా గడప తొక్కొద్దన్నరు. రిపోర్టు మంచిగున్నదని, జగిత్యాల, సిరిసిల్లల సుత పోయి కలిపి రమ్మని ఫిర్దోసుకే హుకుం అచ్చింది. ఆడ ఎందరు లింగవ్వలున్నరో!

పోయే దినం పొద్దుగాల సంచి పట్టుకొని ఇంట్లకెల్లి ఎల్లింది. లింగవ్వ అరుగు మీద తన జాగలనే కూసున్నది. ఒళ్లె చాట ఉన్నది, చాటల ఏం లేదు.

"బిడ్డా, ఒక్క మాట. నిన్ను తప్పు వడ్తలేను. గా సారు ముంగట గడబిడల సూసినవేమో. ఇప్పుడు నిమ్మలంగ మల్లొకసారి సూడరాదు? ఇరవయేండ్లు చేసిన గదా. యాడనన్న ఓ మూలకు నా పేరుండకపోదు."

అజీజాబీ మొకం అటు తిప్పుకున్నది.

"సూస్త పెద్దమ్మా" అన్నది ఫిర్దోసు. యాడ సూస్తది? జగిత్యాల బస్సు హారన్ కొడుతున్నది. పోయి ఎక్కింది.