రెండో గేరు

నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఒకాయన, "అన్నా, జర అశోక్‌నగర్ దాకా" అంటూ నా పాత స్కూటర్ వెనక ఎక్కేశాడు. అడగడం కాదది, చెప్పడం. చేతిలో సిమెంటు అంటిన తాపీ.

దిగమందామనుకున్నాను. రెండు నెలల కింద చిక్కడపల్లిలో రెండో గేరు దానంతటదే జారి, బండి కుదుపుకి, ముందు నిలబడ్డ మా పాప గడ్డం హ్యాండిల్‌కి తగిలి చీలింది. గేరును పట్టి ఉంచే ముక్క అరిగిపోయింది. కొత్త ముక్క నేనే వేసి, ఇతను ఎక్కిన ఆ రోజే మొదటిసారి రోడ్డెక్కాను. ఎవడినీ నమ్మక నేను చేసిన పని. తీరా చేశాక నన్నూ నమ్మలేకపోయాను.

చిక్కడపల్లిలో బస్సు వెనకే వచ్చి హారన్ కొట్టింది. రెండో గేరు వేసి, పాత అలవాటుగా, జారకుండా, గేరుండే ఎడమ పిడిని మెలేసి బిగబట్టాను.

"గేరు జారుతదా అన్నా?"

"జారేది. కొత్త ముక్క వేశాను."

"మరెందుకు గట్ల పట్టుకున్నవ్? కొత్తది గూడ అరుగుతది. ఇడువు."

నేను వదల్లేదు. అతను పక్కనుంచి చెయ్యి చాచి నా మణికట్టు మీద తట్టాడు. బస్సు మళ్లీ అరిచింది. పళ్లు బిగించి, వేళ్లు వదులు చేశాను.

గేరు జారలేదు.

అశోక్‌నగర్‌లో దిగి, తాపీ ఊపి వెళ్లిపోయాడు. పేరైనా అడగలేదు నేను.

మర్నాడు పాప స్కూలు ఆటో కోసం గేటు దగ్గర నిలబడింది. స్కూటర్ తీసి, ముందుకి రమ్మన్నాను.

పాప గడ్డం తడుముకుంది. తర్వాత వచ్చి ముందు నిలబడింది.