అంగీ తొడుక్కున్న బొమ్మ

మా మరిది చనిపోయేనాటికి ఇంట్లో అతని ఫొటో ఒక్కటి కూడా లేదు. పెళ్లిలో ఫొటోలు తీయించే స్తోమత మాకు లేకపోయింది. తర్వాత ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. పచ్చకామెర్లు ముదిరి, దవాఖానలో చేర్చిన కొద్దిరోజులకే పోయాడు. అప్పటికి అతని బిడ్డ ఇంకా పాకుతోంది.

నా తోటికోడలు నా పక్కనే కూర్చుని కండెలు చుట్టేది. చుడుతూ చుడుతూ రాట్నం ఆపేసేది.

"అక్కా, కండ్లు మూసుకుంటె ఆయన ముక్కు యాదికొస్తాంది, నోరు యాదికొస్తలేదు. నేనే మర్సిపోతె పిల్లకేం చెప్పాలె?"

"మర్సిపోవు తియ్, రాట్నం తిప్పు" అనేదాన్ని. 

ఇది ఎనభైల మొదట్లో మాట. వరంగల్ కొత్తవాడలో మా సందులో అన్నీ జంపఖానాలు నేసే ఇళ్లే. మరిది బాగున్న రోజుల్లో హైదరాబాద్ నుంచి ఒక యువకుడు కెమెరాతో వచ్చి, మా పని మీద చిన్న సినిమా తీసుకుపోయాడు. మళ్లీ అతని జాడ లేదు. మరిది పోయిన కొన్నాళ్లకు సందు చివర అద్దెకుండే కాలేజీ సారు వచ్చి, హన్మకొండలో చిన్న సినిమాల పండుగ పెడుతున్నామని చెప్పాడు. పాటలు, ఫైట్లు ఉండవట. ఎవరికి వారు అప్పో సప్పో చేసి, చుట్టూ ఉన్న మనుషుల మీద తీసినవట. అందులో మా సందు సినిమా కూడా ఉంది. ఆదివారం పొద్దున ఒక్క ఆటే. సాయంత్రం కాజీపేటలో బండెక్కించి ఆ రీళ్ల పెట్టెను మద్రాసు పంపేస్తారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నా తోటికోడలికి నిద్ర లేదు. మా అత్తమ్మ మాత్రం వినీ విననట్టే ఉంది. మాలో భర్త పోయిన మనిషి ఏడాది తిరిగేదాకా గడప దాటకూడదు. శనివారం నేనే కదిపాను.

"ఏడాది మాసికం కాకముందె సినిమాకు తోలుకపోతవా దాన్ని? వాడోళ్లు మొఖాన ఊంచరా?" అంది అత్తమ్మ.

"నేను సినిమాకు పోతలేనత్తా" అంది నా తోటికోడలు తల ఎత్తకుండానే. "ఆయన్ను చూడ పోతాన్న."

అత్తమ్మ నములుతున్న వక్క బయట ఉమ్మి వచ్చింది. "నేను గూడ వస్త. నన్ను దాటుకోని ఎవడు నోరిప్పుతడో చూస్త" అంది.

రిక్షాలో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. దారంతా నా తోటికోడలు ఆ రోజు సంగతే చెప్పింది. కెమెరా వస్తుందని తెలిసి మరిది తల స్నానం చేసి, నూనె రాసుకుని, పెళ్లినాటి బిస్కెట్ రంగు అంగీ తొడుక్కున్నాడు. మగ్గం మీద ఉన్న జంపఖానా అంచు ఎత్తి పట్టుకుని, రంగులు ఎలా కుదురుతాయో పెద్దగొంతుతో చెప్పాడు. కెమెరా అతని చుట్టూ తిరిగింది. ఆ తర్వాతే సినిమా అబ్బాయి అంగీ విప్పమన్నాడు. మా పక్కింటి సాయిబు మగ్గం నూలు లేక ఆగిపోయి ఉంది. మొదట ఆయన్నే కూర్చోమన్నారు. "నా తిప్పలు మందికెందుకు చూపియ్యాలె?" అని ఆయన బయటికి వెళ్లిపోయాడు. "నేను కూసుంట తియ్, నాకేం పోతది" అంటూ మరిది ఎవరిదో చినిగిన బనీను వేసుకుని, ఆ వట్టి మగ్గంలో కూర్చున్నాడు.

"అంగీ మీదున్నది ముందుగాల వస్తదక్కా. అది సరిగ్గ చూస్త, నోరు యాదుంచుకుంట" అంది.

హాలులో జనం బాగానే ఉన్నారు. చదువుకున్న వాళ్లు, కాలేజీ పిల్లలు. సారు మమ్మల్ని ముందు వరుసలో కుర్చీల మీద కూర్చోబెట్టి తను పక్కన కూర్చున్నాడు. మొదట ఎండిపోయిన బావుల మీద ఒక సినిమా వేశారు. తర్వాత మాది. తెరమీద అక్షరాలు వచ్చాయి. అప్పటికి నాకు చదవడం రాదు. సారే చదివి చెప్పాడు. మా సందు కనిపించింది, మా గడప కనిపించింది, నేను కూడా ఒక మూల కనిపించాను. నా తోటికోడలు నా చెయ్యి పట్టుకుంది.

మరిది వచ్చాడు. అంగీ లేదు. చినిగిన బనీనుతో, నూలు లేని మగ్గం ముందు, నుదుటికి చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు. ఎవరో ఇంగ్లీషులో ఏదో చెబుతున్నారు.

"ఏమంటాండు సారూ?" అడిగింది అత్తమ్మ.

సారు ఇబ్బందిపడుతూ, "ఆరు నెలల నుంచి పని లేదని, ఇంట్లో తిండి గింజలు లేవని..." అన్నాడు.

అత్తమ్మ లేచి నిలబడింది. "ఎవనికి లేవు? నా కొడుకు ఎన్నడన్న అడుక్కతిన్నడా? ఆ బనీను మాది కాదు! ఆ మగ్గం మాది కాదు!"

వెనకనుంచి ఎవరో ష్ అన్నారు. ఇంకెవరో నవ్వారు. నేను ఆమెను పట్టుకుని కూర్చోబెట్టాను. అంతలో మరిది పోయి వేరే బొమ్మ వచ్చింది. చివరిదాకా చూశాం. అతను మళ్లీ రాలేదు.

లైట్లు వెలిగాక చూస్తే సినిమా తీసిన అబ్బాయి కూడా హాలులోనే ఉన్నాడు. నా తోటికోడలు తానే అతని దగ్గరికి వెళ్లింది. మరిది పోయినప్పట్నుంచి పరాయి మగవాళ్లతో మాట్లాడని మనిషి.

"సారూ, ఆయన అంగీ ఏసుకున్నది తీసిండ్రు గద. అదేది?"

"ఆయన రాలేదా?" అన్నాడు ఆ అబ్బాయి. సారు అతని చెవిలో చెప్పాడు. అబ్బాయి ముఖం పాలిపోయింది. 

"అమ్మా, అప్పుడు కెమెరాలో రీలు లేదు. రీలు మాకు దొరకడమే కష్టం. మేం ఏ ఊరు పోయినా అందరూ ముస్తాబై వస్తారు, వద్దంటే చిన్నబోతారు. అందుకని మొదట వట్టి కెమెరా తిప్పుతాం. బెరుకు పోయినంక అసలుది తీస్తాం. అందరూ అట్లనే చేస్తారు."

"అంటె వాడు అంతసేపు వట్టి డబ్బాకు చెప్పిండా?" అంది అత్తమ్మ. కోపం లేదు గొంతులో. దానికే నాకు భయమేసింది.

ఆ అబ్బాయి ఏమనుకున్నాడో, ప్రొజెక్టరు నడిపే మనిషిని పిలిచి రీలు వెనక్కి తిప్పించాడు. మా ముగ్గురి కోసం ఆ ముక్క మళ్లీ వేశారు, మాటలు లేకుండా. నా తోటికోడలు తెర దగ్గరికి పోయి నిలబడింది.

"అక్కా, నోరు చూడు. నవ్వు ఆపుకుంటాండు. డబ్బా ఎనుక నేనే ఉన్న. కొంగు నోట్లె కుక్కుకోని నవ్విన. నన్నే చూస్తాండు."

చూశాను. పెదవి చివర కొంచెం కదిలింది. అంతలోనే బొమ్మ మారిపోయింది.

"ఆ తర్వాత గట్టిగ నవ్విండు సారూ. అది తీసిండ్రా?"

"తీసినం..." అన్నాడు అబ్బాయి. "కోసి పడేసినమమ్మా. నవ్వితె ఆ కష్టం ఎవరూ నమ్మరని."

ఫొటో చేయించి పంపిస్తానన్నాడు. ఆ బనీనుతో ఐతే వద్దంది అత్తమ్మ. "మెడ కిందికి తియ్యకుండ్రి, మొఖం ఉంటె చాలు" అంది నా తోటికోడలు.

అతను మాట తప్పలేదు. ఏడాది మాసికానికి ముందే ఫొటో వచ్చింది. చిన్న బొమ్మను పెద్దది చేసినందువల్ల అంతా ఇసుక చల్లినట్టుంది. ముక్కు తెలుస్తుంది. నోరు ఉన్నచోట నల్లటి గీత. దండ వేసి గోడకు పెట్టాం.

పిల్లకు మాటలు వచ్చాక ఒకరోజు దాన్ని చూపించి, "నాయిన ఏడుస్తాండు" అంది.

"కాదు బిడ్డా, నవ్వబోతాండు" అంది నా తోటికోడలు.

పిల్ల మళ్లీ ఫొటో వైపు చూసింది. తర్వాత నా వైపు, అత్తమ్మ వైపు చూసింది. అత్తమ్మ లేచి ఫొటోలో నోరున్నచోట కొంగుతో తుడిచింది.