ముక్కులో కందిగింజ

నా చిన్నప్పుడు, ఇంకా పలక మీద గుణింతాలు దిద్దుకునే వయసులో, నా ముక్కులో ఒక కందిగింజ దూరింది. ఆ వాన మధ్యాహ్నమంతా నేను చచ్చిపోతాననే అనుకున్నాను. ఇప్పుడు చెబితే మా మనవలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ భయం ఎంతటిదో నాకు తెలుసు.

రాజోలు దగ్గర పల్లెలో మా ఇల్లు పెద్దది. ఆ మాట ఒక్కటే అప్పటికి మాకు మిగిలింది. పొలాలు పోయాయి, గుమస్తాలు పోయారు, ఆడవాళ్ళ నగలు ఒక్కొక్కటే పెట్టెలోంచి వెళ్ళిపోయాయి. మా నాయనమ్మ ముక్కుకి బేసరి ఉండే చోట బెజ్జం పూడిపోకుండా చీపురుపుల్ల ముక్క ఉండేది. అయినా మా తాతయ్య ఇస్త్రీ చొక్కా లేకుండా వీధి అరుగు మీదికి వచ్చేవారు కాదు. మాకు లేదు అని ఒకరి ముందు నోరు తెరిచిన ఇల్లు కాదు మాది. ఆ మాట ఇప్పటికీ తలెత్తుకునే చెబుతాను.

ఆ బేసరిలో ఎర్రటి కెంపు ఉండేదట. నేను పుట్టకముందే పోయింది. అది పెట్టుకుంటే ఎలా ఉంటుందో చూడాలని నాకు మహా కోరిక. ఆ రోజు నాయనమ్మ చాటలో కందులు బాగుచేసుకుంటోంది. నున్నగా, ఎర్రగా ఉన్న గింజ ఒకటి తీసుకుని లోపలి గదిలో అద్దం ముందు నిలబడి, ముక్కుపుటం అంచున నొక్కి పెట్టుకున్నాను. అచ్చం కెంపే. అంతలో నాయనమ్మ నన్ను కేకేసింది. ఉలిక్కిపడి ఊపిరి గట్టిగా పీల్చాను. మళ్ళీ అద్దంలో చూసుకుంటే కెంపు లేదు.

ముందు ఎవరికీ చెప్పలేదు. చిటికెనవేలు పెట్టి తీయబోతే ఇంకా లోపలికి జారింది. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతుంటే నాయనమ్మే పట్టేసింది.

"ఓసి నీ దుంపతెగా! పెట్టుకోడానికి నీకు ముక్కే దొరికిందిటే? అది మెదడుకెక్కేస్తే ఏం గానే?"

ముక్కు పైన కళ్ళు, కళ్ళ పైన మెదడు. కాబట్టి గింజ ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ ఉంటుందనుకున్నాను. తడి తగిలితే కందులు మొలకెత్తుతాయని పెరట్లో చూసి ఉన్నాను. నా తలలో వేళ్ళు దిగుతాయి, చెవుల్లోంచి ఆకులు వస్తాయి. నేను ఊపిరి పీలిస్తే అది ఇంకో మెట్టు ఎక్కుతుందని, పీల్చకుండా ఉండడానికి ప్రయత్నించాను.

నాయనమ్మ నన్ను హాల్లోకి ఈడ్చుకొచ్చి, వెలుతురులో కూచోబెట్టి, తలపిన్ను పెట్టి లాగబోయింది. రక్తం వచ్చింది. అంతవరకూ కనబడుతున్న గింజ కనబడకుండా పోయింది. అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్దామంటే కాలవ గట్టు తెగి బస్సులు ఆగిపోయి ఉన్నాయి. నాన్న ఉద్యోగం కాకినాడలో. అమ్మ వంటింటి గుమ్మంలో తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయింది, అంతకంటే ముందుకి రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలి. మా ఇంట్లో అత్తమామల ఎదుట కోడళ్ళు కన్నబిడ్డని ఒళ్ళోకి తీసుకోవడం, ముద్దాడడం లేదు. ముద్దు చేస్తే పెద్దలు చేయాలి. మా నాయనమ్మా తన కాపరపు రోజుల్లో అలాగే ఉంది. మావగారు హాల్లో ఉంటే అమ్మ అటు వచ్చేదే కాదు. రాత్రి పడుకున్నాక చీకట్లో నా నుదురు తడిమేది, అంతే. ఆ మధ్యాహ్నం తలుపు పట్టుకున్న అమ్మ వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అమ్మ కూడా భయపడుతోందని నాకు అర్థమయ్యాక, నాకు దిక్కు లేదనిపించింది.

తాతయ్య తన నశ్యం డబ్బీ తెరిచేరు. ముక్కుపొడుం గట్టిగా పీలిస్తే పెద్ద తుమ్ము వస్తుంది, తుమ్ముతో గింజ బయటపడుతుంది. ఆయనకి తోచిన ఉపాయం అది. చిటికెడు పొడుం నా ముక్కు దగ్గరికి తెచ్చేరు.

"పీల్పించకండి! మీకు దణ్ణం పెడతానండీ, పీల్పించకండి!"

అరుగు మీద తడిసిన గొడుగుతో ప్రహరీ అవతలి టీచరుగారు. నా ఏడుపు విని వచ్చేరు. ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పేవారు, ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవారు. వాళ్ళ నాన్న ఒకప్పుడు మా పాలేరు. ఒకప్పటి మా పొలంలోనే ఇప్పుడు ఆవిడ పెంకుటిల్లు. మా అరుగు ఎక్కడం ఆవిడకి అదే మొదలు.

"ఏం, ఎందుకు పీల్పించకూడదమ్మా?" తాతయ్య చిటికెడు పొడుం అలాగే పట్టుకుని అడిగేరు.

"తుమ్మేముందు ఎవరైనా ఊపిరి లోపలికి తీస్తారండీ. ఆ ఊపిరితో గింజ వెనక్కి పోయి, గొంతులో జారి, ఊపిరిగొట్టంలో పడిందంటే…" ఆవిడ నన్ను చూసి ఆగిపోయారు. అప్పటిదాకా నాకున్నది ఒక్క భయం. ఇప్పుడు పైకో భయం, కిందకో భయం.

"మరి మెదడుకెక్కదంటావా?" అంది నాయనమ్మ.

"ఎక్కదండీ. మధ్యలో ఎముక ఉంది."

ఆవిడ వీధి గుమ్మంలో గొంతుక్కూచుని, నాతో మాట్లాడుతున్నట్టే అందరికీ చెప్పేరు. ముక్కు బయటినుంచి చూస్తే పైకి పోతున్నట్టు కనిపిస్తుంది గాని, లోపల దారి పైకి కాదట, తిన్నగా వెనక్కి, గొంతు దాకా ఒక వసారాలా ఉంటుందట. ఆ వసారా గోడలకి ఒకదాని కింద ఒకటి మూడు అరలు, వాటి మీద మెత్తటి తడి చర్మం. గింజ బహుశా కింది అర దగ్గర ఇరుక్కుని ఉంటుంది. బుగ్గల్లోనూ, నుదుటి వెనకా ఖాళీ గదులు కూడా ఉన్నాయి, అన్నిటికీ గుమ్మాలు ఆ వసారాలోకే.

నా మొహంలో ఖాళీ గదులున్నాయని వినగానే నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. "ఆ గదిలోకి పోయి దాక్కుంటే?"

"పోలేదే తల్లీ. ఆ గుమ్మాల్లో ఆవగింజ పట్టడమే కష్టం. నీ కందిగింజ తల కూడా దూరదు." ఆవిడ నవ్వేరు. "పాలు తాగుతూ నవ్వితే ఎప్పుడైనా ముక్కులోంచి వచ్చేయా?"

"కొబ్బరినీళ్ళు వచ్చేయి."

"ఆయ్, చూసేవా! నోట్లో పోసుకున్నవి ముక్కులోకి ఎలా వచ్చేయి? వెనకాల దారుంది. ఆ దారినే గాలి పంపి నీ గింజని ముందుకి తోసేద్దాం."

ఆవిడ అమ్మకేసి తిరిగేరు. పిల్ల నోటి మీద నోరు గట్టిగా ఆనించి, గింజ లేని వైపు ముక్కు వేలితో మూసి, ఒక్కసారి చప్పున ఊదాలి. అంతే. అమ్మ కదల్లేదు. తాతయ్యకేసి చూసి తల దించేసుకుంది.

"నోట్లో నోరా! ఎంగిలి కాదుటమ్మా? అందులోనూ మావగారి ఎదురుగానా?" అంది నాయనమ్మ.

"నేనైనా చేస్తానండీ. కానీ బెదిరిన పిల్ల అమ్మకే నోరు తెరుస్తుంది. గింజ నానుతోందండీ, నానేకొద్దీ ఉబ్బుతుంది."

తాతయ్య డబ్బీ మూసి చొక్కా జేబులో వేసుకున్నారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మాకు వీపు పెట్టి వీధి వైపు తిరిగి నిలబడ్డారు.

"వాన తగ్గేట్టు లేదు," అన్నారు వీధితో.

అమ్మ వచ్చింది. నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఆ చీర పొగ వాసన, ఆ చెయ్యి చింతపండు వాసన నాకు ఇప్పటికీ తెలుసు. అమ్మ నోరు నా నోటిని మూసేసింది, వేలు ముక్కుని మూసేసింది. ఊపిరాడక కాళ్ళు కొట్టుకున్నాను, ఇదే చావనుకున్నాను. అంతలో ఒక వెచ్చటి గాలి నా గొంతు దాకా వచ్చి, వెనక్కి తిరిగి, మొహం లోపలనుంచి ముందుకి కొట్టింది. చెవులు టప్పుమన్నాయి. గింజ రక్తంతో, చీమిడితో వచ్చి అమ్మ బుగ్గకి తగిలి కింద పడింది. ఉబ్బి, తోలు ముడతలు పడి ఉంది.

"వచ్చిందా?" తాతయ్య ఇటు తిరక్కుండానే అడిగేరు.

"వచ్చిందండీ మావయ్యగారూ," అంది అమ్మ. ఆయనతో అమ్మ సూటిగా మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

అమ్మ నన్ను వదల్లేదు. నా మొహమంతా ముద్దులు పెట్టుకుంటూ ఏడుస్తూ ఉండిపోయింది. తాతయ్య అలాగే వానని చూస్తూ నిలబడ్డారు. అమ్మ కళ్ళు తుడుచుకుని లేచేదాకా ఆయన ఇటు తిరగలేదు. తిరిగేక, "టీచరుగారికి కుర్చీ వెయ్యండి," అన్నారు.

తరవాత హైస్కూల్లో ఆవిడే బోర్డు మీద ముక్కు బొమ్మ వేసి ఆ అరల పేర్లూ గదుల పేర్లూ మా చేత చెప్పించేరు. చాలావరకు మరిచిపోయాను. కానీ ఇప్పటికీ భయం వేస్తే, ఏం జరుగుతుందో అని ఊహించుకోను. ఇది ఏ దారిన వచ్చింది, ఏ దారిన పోతుంది అని అడుగుతాను. అది టీచరుగారు నాకిచ్చినది.

మా తాతయ్య ఇచ్చినది వేరు. నేనూ ఆయనలాగే నిటారు మనిషిని, నా ముందు నవ్వడానికి కూడా ఇంట్లోవాళ్ళు ఆలోచిస్తారు. మా కోడలు బిడ్డని ముద్దాడబోయి, నన్ను చూసి ఆగిపోతూ ఉంటుంది. అప్పుడు నేను లేచి గుమ్మం దాకా వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, వీధి వైపు తిరిగి కాసేపు నిలబడతాను.